భోజనమయ్యాక వేసుకునే మందు

కోటగోడ వారన పడుకునే పోలయ్యకు ఇల్లూ వాకిలీ లేవు. ఒకరోజు రాజుగారి పల్లకి ముందే కళ్లు తిరిగి పడిపోయాడు. రాజు తన వైద్యుల్ని పిలిపించాడు. నాడి చూసి ఒకాయన వాతమన్నాడు, ఇంకొకాయన పిత్తమన్నాడు. పెద్ద వైద్యుడు శేషాచార్యులు మాత్రం ఇది ఏ గ్రంథంలోనూ లేని వింత రోగమని తేల్చాడు. మాత్రల పొట్లం ఇచ్చి, మూడు పూటలా భోజనమయ్యాక వేసుకోమన్నాడు.

నాలుగో రోజు పోలయ్య మళ్లీ అక్కడే పడిపోయాడు. సభకు మోసుకొచ్చారు.

"నా మందుకు తిరుగులేదు ప్రభూ. వీడే నేను చెప్పినట్టు చేసి ఉండడు," అన్నాడు శేషాచార్యులు.

పోలయ్య పంచె చెరగు ముడి విప్పి పొట్లం చూపించాడు. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"చెప్పినట్టే చేశానయ్యా. భోజనం ఎప్పుడవుతుందా అని పొట్లం పట్టుకునే కూర్చున్నాను."

ఆనాడు నాడి పట్టి చూసిన శేషాచార్యులు, ఆ చేతిలో ఎముకలు తప్ప ఏమీ లేవని అప్పుడు చూశాడు.

"తిండి లేక ఎన్నాళ్లయింది?" అని రాజు మెల్లిగా అడిగాడు.

"తమరి పల్లకి రోజూ నా ముందు నుంచే పోతుంది ప్రభూ. తమకే తెలియాలి."