బొల్లి గొర్రెపిల్లా, అవిశ రెమ్మా

అనగనగా ఒక గుట్ట. ఆ గుట్ట కింద కొమురయ్య గొర్రెల మంద. మందలో బొల్లి అని ఒక గొర్రెపిల్ల ఉండేది. పగలు పెద్ద గొర్రెలు మేతకు వెళితే, పిల్లలన్నీ పెద్ద వెదురు గంప కింద ఉండేవి. వాటికి మేత అలవాటు కావాలని కొమురయ్య గంప లోపల ఒక అవిశ రెమ్మ వేలాడదీసేవాడు.

మిగతా పిల్లలు కొరికి చూశాయి. బొల్లి మూతి తిప్పుకుంది.

"వగరున్నది. నాకు అమ్మ పాలే కావాలె" అంది.

మీలో కొందరు ఆకుకూర చూసి మూతి ముడుస్తారే, అచ్చం అలాగే!

మర్నాడు కొత్త రెమ్మ వచ్చింది. వద్దంది. ఆ మర్నాడూ వద్దంది. సాయంత్రం తల్లి రాగానే పొదుగు పట్టి వదిలేది కాదు. పాపం, తల్లి చిక్కిపోయింది.

ఎండలు ముదిరాయి. ఇక గుట్ట అవతల వాగు దగ్గరే పచ్చిక. మంద కదలాలి. కొమురయ్య ఒక్కో పిల్ల కంటి రెప్ప తిప్పి చూశాడు. ఒంట్లో నెత్తురు బాగుంటే రెప్ప లోపల ఎర్రగా ఉంటుంది. బొల్లి రెప్ప తెల్లగా పాలిపోయి ఉంది.

"దీనికి గుట్ట ఎక్కే బలం లేదు. మంద కదిలేలోగా తేరుకోకపోతే ఊళ్లోనే వదలాలె" అన్నాడు.

అమ్మను విడిచి ఉండటమా! బొల్లి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. గంప సందుల్లోంచి ఎండ చుక్కలు దాని ఒంటి మీద ఊగుతున్నాయి. కలలో వాగు పారుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఆ చప్పుడు తన ఒంట్లోంచే వస్తోంది.

"ఎవరు నువ్వు?" అని అడిగింది బొల్లి.

"నీ నెత్తురును. నువ్వు పసిగున్నప్పుడు పాల తీపితోనే ఉరికిన. ఇప్పుడు నువ్వు పెరిగినవ్, నా దారి పొడుగైంది. పాలొక్కటే సరిపోదు బిడ్డా. ఆకు తిను. నీ కడుపు దాన్ని నానబెట్టి, పులియబెట్టి నాకు కొత్త బలమిస్తది. నా ఎరుపు కూడా ఆ పచ్చదనంలోనే ఉన్నది."

బొల్లి మేలుకుంది. రెమ్మ మెల్లగా ఊగుతోంది. కళ్లు మూసుకుని కొరికింది. వగరే! అయినా నమిలింది. రోజూ నమిలింది. కొన్నాళ్లకు హాయిగా పడుకుని నెమరు వేయడం కూడా వచ్చింది.

మంద కదిలే పొద్దున కొమురయ్య దాని రెప్ప తిప్పి చూసి నవ్వాడు. ఎర్రగా ఉంది.

గుట్ట మీద చల్లగా గాలి వీస్తోంది. తల్లి ఆగి, "అలసినవా బిడ్డా? రా, ఒక గుక్క తాగు" అంది.

బొల్లి ఒక పచ్చని రెమ్మ తెంపి తల్లి ముందు పెట్టింది.

"నువ్వు తినమ్మా. నా వల్ల శానా చిక్కిపోయినవ్" అంది.

నీతి: పసితనంలో ప్రాణం నిలిపిన తిండే ఎల్లకాలం సరిపోదు. ఎదిగేకొద్దీ కొత్త రుచికి నోరు అలవాటు చేసుకోవాలి.