ముడి వెయ్యని బొంత

అనగా అనగా, అలల చప్పుడే జోలపాటగా నిద్రపోయే ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు కత్తి తిప్పితే గాలి రెండుగా చీలేది. రెండోవాడు శరకేతుడు బాణం వేస్తే రాలే చినుక్కి తగిలేది. మూడోవాడు మృదుపాణి. అతను సూది పట్టేవాడు.

ఆ ఏడు మార్గశిరంలో పట్టిన తుఫాను పుష్యమాసం వచ్చినా వదల్లేదు. ఒకటే ముసురు, ఒకటే ఈదురుగాలి. పడవలు ఒడ్డునే బోర్లాపడ్డాయి. కోసిన వరి పనలు నీళ్ళలోనే మొలకెత్తాయి. ఊళ్ళకు ఊళ్ళే వచ్చి కోటలో తలదాచుకున్నాయి. అంతమందికీ కప్పుకోడానికి దుప్పట్లెక్కడివి? అందుకని రాజుగారి తల్లి, అంటే ఆ ముగ్గురికీ నాయనమ్మ, పెద్దసావడిలో చాపలు పరిపించి, కోటలోని పాత చీరలన్నీ గుట్టపోయించి, "రండర్రా, బొంతలు కుడదాం" అంది.

ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. వాళ్ళ మధ్య మృదుపాణి. అతనికెదురుగా, అదే బొంతకు రెండో కొసన, పడవ నడిపే సరంగు కూతురు చెంగల్వ. బయట గాలి ఊళలు పెడుతుంటే లోపల సూదులు చేపపిల్లల్లా మునుగుతూ తేలుతూ ఉండేవి. ఆ చేపపిల్లల వెంట చెంగల్వ వేళ్ళు కదులుతుంటే మృదుపాణికి తుఫాను సంగతే గుర్తుండేది కాదు.

"తమ్ముడూ, ఆ గాలిక్కూడా ఓ రవిక కుట్టిపెట్టరాదూ? చలికి అరుస్తోంది పాపం" అని నవ్వేవాడు రణకేతుడు.

ఒకరోజు అన్నలిద్దరూ ప్రయాణమయ్యారు. ఏడు సముద్రాల అవతల గాలిమూట మాంత్రికుడున్నాడనీ, వాడు గాలుల మూట విప్పి పెట్టాడు కాబట్టే ఈ తుఫాననీ తెలిసింది. వాణ్ణి చంపి వస్తామని వెళ్ళారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి దూరం వెళ్తే, అతని పాతబట్ట వేసి కొత్త బొంత మొదలెడతారు. అతను తిరిగొచ్చి గడప తొక్కేదాకా దానికి చివరి ముడి వెయ్యరు. దారం కొస అలా వదిలేస్తారు, దారి తెరిచి ఉన్నట్టు. నాయనమ్మ పెద్దవాడి తలపాగా, రెండోవాడి పైపంచె కలిపి పరిచి, "కుట్టు నాయనా, కుట్టి కొస వదిలెయ్" అని చిన్న మనవడికి అప్పజెప్పింది.

మృదుపాణి కుట్టాడు. ఒక వరస, రెండు వరసలు, మూడు వరసలు. మూడో వరస చివర తలెత్తి చూస్తే చెంగల్వ చెంప మీద ఒక దారప్పోగు అంటుకుని ఉంది. దాన్నే చూస్తూ, చెయ్యి అలవాటు కొద్దీ, అతను ముడి వేసి దారం కొరికేశాడు.

సావడిలో సూదులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"విప్పేస్తాను నాయనమ్మా" అన్నాడు, ముడిని గోటితో గీకుతూ.

"కొరికిన దారం అతకదురా. దారి మూసిన చెయ్యే వెళ్ళి తెరవాలి" అంది నాయనమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడతను.

బయల్దేరేముందు చెంగల్వ తన పైటకొంగులో ఒక ముక్క చించి ఇచ్చింది. "మీ దగ్గర కత్తి లేదుగా చినబాబుగారూ. ఇదన్నా ఉంచండి" అంది. తర్వాత తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించింది.

ఒడ్డున తుమ్మకొమ్మ మీద ఒక గిజిగాడు, చిరిగి వేలాడుతున్న గూడు ముందు కూర్చుని ఉంది. మృదుపాణి సూది తీసి గూటిని కుట్టేశాడు.

"నీ కుట్టు నా కుట్టుకంటే నున్నగా ఉంది, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ" అంది గిజిగాడు. "ఒక మాట విను. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక చలికి వణుకుతుంది. అది వణికినంతసేపూ వాడూ వణుకుతాడు. వణికినంతసేపూ కసి. ఆ కసితోనే మూట విప్పాడు. నా నేస్తం తాబేలు నిన్నక్కడికి తీసుకెళ్తుంది."

తాబేలు వీపు మీద కూర్చుని మృదుపాణి తన ఉత్తరీయం చింపి, చెంగల్వ ఇచ్చిన కొంగుముక్క కలిపి, చారెడంత బొంత మొదలెట్టాడు. పాలరంగు సముద్రం దాటారు, ఒక వరస. పసుపురంగు సముద్రం దాటారు, ఇంకో వరస. అలా ఒక్కో సముద్రానికి ఒక్కో వరస. ఏడో సముద్రం, కాటుకలాంటిది, దాటేసరికి ఏడో వరస ముగిసింది. ఈసారి మాత్రం ముడి వెయ్యలేదు.

"ఎవరి కోసం ఇంత చిన్నది?" అంది తాబేలు.

"చలేస్తున్నవాళ్ళ కోసం, తాతా."

మాంత్రికుడి దీవి ఒడ్డున రెండు ఉప్పు బొమ్మలు. ఒకదాని చేతిలో కత్తి, ఒకదాని చేతిలో విల్లు. అన్నల్ని గుర్తుపట్టిన మృదుపాణి ఆ ఉప్పు చేతుల్ని ఒకసారి తడిమి, కొండెక్కాడు.

కొండ మీద పంజరంలో చిలక ఈకలన్నీ లేపుకుని వణుకుతోంది. పక్కనే గాలిమూట నోరు తెరుచుకుని బుసలు కొడుతోంది. మాంత్రికుడు పళ్ళు టకటకలాడిస్తూ, "ఒకడు నా చిలక మీద కత్తెత్తాడు. ఇంకొకడు బాణమెక్కుపెట్టాడు. నువ్వేం తెచ్చావురా?" అన్నాడు.

"దుప్పటి" అన్నాడు మృదుపాణి, చిలక చుట్టూ బొంత చుట్టబెడుతూ.

చిలక కళ్ళు మూసుకుంది. "అబ్బ, ఎవరి పైటో గానీ, పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది" అని గొణిగింది. మాంత్రికుడి వణుకు ఆగింది. నూరేళ్ళ తర్వాత మొదటిసారి వాడికి నిద్ర ముంచుకొచ్చింది.

వాడు గుర్రుపెడుతుండగా మృదుపాణి గాలిమూట నోరు కుట్టడం మొదలెట్టాడు. గాలి దారాన్ని ఎగరగొట్టేది, సూదిని వంచేది. అతను కళ్ళు మూసుకుని, ఎదుటి కొసన చెంగల్వ బొంతను బిగించి పట్టుకున్నట్టే తలచుకుని కుట్టాడు. చివరి టాకా బిగిసేసరికి లోకమంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దానికే మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు. "నిన్ను ఉప్పు చేసేస్తాను."

"చెయ్యి. కానీ చిలక బొంతకు నేను ముడి వెయ్యలేదు. కొస నా చేతిలోనే ఉంది. నేను ఉప్పయితే నా చెయ్యి బిగుసుకుంటుంది, చిలక కదిలితే కుట్టంతా ఊడొస్తుంది. మళ్ళీ చలి."

మాంత్రికుడు చిలక వైపు చూశాడు. వాడికి ఆ చలి గుర్తొచ్చింది. "ఏం కావాలి?"

"మా అన్నలు లేవాలి. ఆ మూట మళ్ళీ విప్పకూడదు. అప్పుడు ముడి వేస్తాను."

"మూట పూర్తిగా మూస్తే లోకం ఉక్కపోతతో చస్తుంది కదరా పిచ్చోడా."

"ఒక్క టాకా వదిలేశాను" అన్నాడు మృదుపాణి. సాయంత్రాలు సముద్రం మీంచి వచ్చే చల్లగాలి ఆ సందులోంచి వచ్చేదేనట.

మాంత్రికుడు గుప్పెడు వాననీళ్ళు చల్లాడు. అన్నలిద్దరూ పెదాలు చప్పరించుకుంటూ లేచారు. మృదుపాణి చిలక బొంతకు ముడి వేశాడు.

ముగ్గురూ కోట చేరేసరికి ఎండ కాస్తోంది. సావడిలో చెంగల్వ ఒళ్ళో అదే బొంత. పాత కుట్టు పక్కనే కొత్త దారంతో మళ్ళీ మొదలెట్టి, మృదుపాణి పాతచొక్కా కూడా కలిపి, కొస వదిలి కూర్చుంది.

ముగ్గురూ గడప తొక్కారు. చెంగల్వ ఒక్కొక్కరి మొహం చూస్తూ ఒకటి, రెండు, మూడు ముళ్ళు వేసింది.

"నాకూ ఓ రవిక కుట్టరా తమ్ముడూ, ఒళ్ళంతా ఇంకా ఉప్పుగానే ఉంది" అన్నాడు రణకేతుడు. ఈసారి తమ్ముడి సూది చెయ్యి పట్టుకుని అన్నాడు.

మృదుపాణి చెంగల్వ పక్కన కూర్చుని, "ఇంకేం, బొంత పూర్తయింది కదా" అన్నాడు.

"ఈ మూడూ నేను వేశాను చినబాబుగారూ" అందామె, దారప్పోగులు దులుపుకుంటూ. "ఇంకో మూడు ముళ్ళున్నాయి. అవి మీరు వెయ్యాలి."

నాయనమ్మ ఎక్కడో చూస్తున్నట్టు నటించింది.

మాఘమాసంలో అతను ఆ మూడు ముళ్ళూ వేశాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ రాజ్యాన్ని సూది పట్టిన చెయ్యే ఏలింది. చలికాలం వస్తే రాజూ రాణీ ఒకే బొంతకు చెరో కొసనా కూర్చునేవారట. చల్లగా కథ విన్నవాళ్ళంతా వెచ్చగా ఉండాలి.