దిబ్బ పార్కు వాకిట వెలసిన తెరుపులమ్మ

మొగలిపట్నం సముద్రతీరాన దీపస్తంభం దాటి ఉత్తరంగా నడిచే యాత్రికులకు ఎత్తయిన ఇసుక దిబ్బ ఒకటి, దాని మీద సరుగుడు చెట్ల నడుమ ఒక ఉద్యానవనం కనిపిస్తాయి. బోర్డు మీద దానికి వేరే పేరు ఉన్నా ఊరంతా దిబ్బ పార్కు అనే పిలుస్తారు. పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్లలు, స్కేటింగ్ రింకు, పెద్దలకు నడకదారి, షటిల్ కోర్టు అన్నీ అందులో ఉన్నాయి. నగరంలోని తక్కిన పార్కులలో పొద్దుపోగానే ఈల వేసి జనాన్ని పంపించి గేటుకు తాళం వేస్తారు. ఈ పార్కుకు గేటు లేదు. గేటు ఉండవలసిన చోట రెండు రాతి స్తంభాలు మాత్రం నిలిచి ఉన్నాయి. వాటిలో దక్షిణపు స్తంభానికి నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ ఎర్రంచు చీర. ఆ స్తంభమే తెరుపులమ్మ తల్లి. ఆమెకు గర్భగుడి లేదు, గోపురం లేదు. వాకిలే ఆమె సన్నిధి.

తలుపు తీయడాన్ని తెరవడం అంటాం. వాన ఆగి ఆకాశం విచ్చుకుంటే తెరిపి ఇచ్చింది అంటాం. ఈ తల్లి పేరులో ఆ రెండు మాటలూ కలిసి ఉన్నాయని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ పార్కు లేదు, గోడ లేదు. పూర్వం అంటే యుగాల నాటి మాట కాదు. ఆనాడు పిల్లలుగా ఉన్నవారు ఈనాటికీ కింద నూకరాజుపేటలో వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. అప్పట్లో ఈ దిబ్బ నిండా మొగలి పొదలు, పైన నాలుగు సరుగుడు చెట్లు ఉండేవి. దిబ్బ పాదాన జాలరుల నూకరాజుపేట. సముద్రం పొంగిన ప్రతిసారీ పేటవారు చంటిబిడ్డలను చంకనెత్తుకుని, ముసలివారిని వీపున మోసుకుని దిబ్బ ఎక్కేవారు. నీరు తీశాక దిగివచ్చి మళ్ళీ గుడిసెలు నిలబెట్టుకునేవారు. ఏ తరం వారు ఎక్కడం మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

తరువాత నగరం పెరిగింది. సముద్రపు గాలికి సాయంత్రాలు కూర్చునే చోటు కావాలని నగరవాసులు కోరారు. పురపాలక సంఘం వారు దిబ్బను చదును చేసి, పచ్చిక పరిచి, చుట్టూ ఎత్తయిన గోడ కట్టి, దాని మీద గాజుపెంకులు గుచ్చి, పడమటి వైపు ఇనుప గేటు పెట్టారు. గేటు కాపలాకు నూకరాజుపేటకే చెందిన సూరాడ దానయ్యను నియమించారు. పడవ లాగుతుండగా తాడు తెగి కుడిచేయి నలిగిపోయినందువల్ల దానయ్య వేటకు పనికిరాకుండా ఉన్నాడు. ఖాకీ చొక్కా, ఈల, నడుముకు తాళంచెవి అతనికి వచ్చాయి. పేటవారు సంతోషించారు. దిబ్బ చుట్టూ గోడ వచ్చినా గేటు దగ్గర ఉన్నవాడు మనవాడే కదా అనుకున్నారు. సముద్రం పొంగితే దానయ్య తలుపు తీస్తాడు అన్న ధైర్యం వారికి ఉండేది.

దానయ్య భార్య గున్నమ్మ. పొడగరి, బలమైన మనిషి. తలమీద చేపల తట్టతో నగరమంతా తిరిగి అమ్మేది. పొద్దుగూకే వేళకు పార్కు గేటు దగ్గరికి వచ్చి, దానయ్య తాళం వేసేదాకా బయట కూర్చునేది. తరువాత ఇద్దరూ కలిసి దిబ్బ దిగేవారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళేవారిని చూస్తూ కూర్చోవడమే గాని ఆమె ఒక్కనాడూ లోపల అడుగు పెట్టలేదు. పార్కు కట్టాక లోపల ఎలా ఉందో చూపిస్తాను రమ్మని దానయ్య పిలిస్తే, చేపల వాసనతో ఎక్కడికి వస్తాను, పండగ పూట తలంటుకుని వస్తానులే అనేది. ఏ పండగకూ తీరిక దొరకలేదు.

ఒక ఏడు కార్తీకమాసంలో పెనుతుఫాను బయలుదేరిందని కబురు వచ్చింది. అంతకు ముందొక తుఫానులో అలలు చూడవచ్చిన కుర్రవాళ్ళు కొందరు కొట్టుకుపోయారు. అందుచేత తీరంలోని పార్కులన్నీ మూసి మధ్యాహ్నానికల్లా తాళంచెవులు కార్యాలయంలో అప్పగించమని ఉద్యానవనాల సూపరింటెండెంటు వామనమూర్తి గారు ఉత్తరువు పంపారు. ఆ ఉత్తరువులో చెడు తలంపు ఏమీ లేదు. పేటవారిని బడి భవనానికి తరలించడానికి బస్సు కూడా వచ్చింది. కాని వలలూ పడవలూ విడిచి దూరం పోవడానికి మనసొప్పక చాలామంది ఆగిపోయారు. దిబ్బ ఉండనే ఉందని వారి నమ్మకం.

దానయ్య గేటుకు తాళం వేసి ఇంటికి వచ్చాడు. గున్నమ్మ ఎండుచేపలను గోనెలోకి ఎత్తుతూ ఉంది. తాళంచెవి ఇచ్చి రమ్మన్నారని, అయితే పేటవారి సంగతి అయ్యగారికి చెప్పి తాళంచెవి వెనక్కి తెచ్చుకుంటానని అతను ఆమెతో అన్నాడు. జాగ్రత్తగా వెళ్ళి రమ్మని ఆమె చెప్పింది.

కార్యాలయంలో జనం కిక్కిరిసి ఉన్నారు. టెలిఫోన్లు మోగుతున్నాయి. వామనమూర్తి గారు నిలబడే ఎవరితోనో మాట్లాడుతున్నారు. దానయ్య గోడకు ఆనుకుని, చెప్పవలసిన మాటలను మనసులో కూర్చుకుంటూ నిలబడ్డాడు. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడిన అలవాటు అతనికి లేదు. గుమాస్తా చేయి చాపాడు. దానయ్య తాళంచెవి ఇచ్చేశాడు. గుమాస్తా దాన్ని మేకుకు తగిలించాడు. వామనమూర్తి గారు ఒకసారి దానయ్య వైపు చూసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు తల ఎగరేశారు. ఏమీ లేదన్నట్టు దానయ్య తల ఊపి బయటికి వచ్చేశాడు.

వీధి చివరిదాకా నడిచాడు. అంతలో గాలి మళ్ళింది. సముద్రం మీద పుట్టి పెరిగినవాడికి ఆ గాలి ఏమి చెబుతుందో అర్థమైంది. అతను వెనక్కి పరుగెత్తి, ఎవరినీ అడగకుండా మేకు మీది తాళంచెవి తీసుకుని పేట దారి పట్టాడు. కాని అప్పటికే చెట్లు విరిగి రోడ్డుకు అడ్డం పడుతున్నాయి. రేకులు ఎగిరి వస్తున్నాయి. అతను లేస్తూ పడుతూ, గోడలు పట్టుకుని పాకుతూ సాగాడు. సగం దారిలో ఉండగానే ఉప్పెన వచ్చింది.

పేటలో నీళ్ళు మోకాలి దాకా రాగానే అందరూ దిబ్బకు పరుగెత్తారు. గేటుకు తాళం ఉంది. వయసు కుర్రవాళ్ళు అరచేతులు చీరుకుపోతున్నా గోడ మీది గాజుపెంకులు పట్టుకుని లోపలికి దూకారు. అప్పుడు గున్నమ్మ చీర బిగించి, గేటు అడ్డకమ్మి మీద కాలు పెట్టి ఎక్కి నిలబడింది. కింది నుంచి తల్లులు అందించిన బిడ్డలను ఒక్కొక్కరినే గేటు మీదుగా ఎత్తి లోపలి కుర్రవాళ్ళ చేతుల్లో పెట్టింది. తరువాత ఆడవాళ్ళను తన భుజాల మీద ఎక్కించి దాటించింది. ఈ సంగతులన్నీ సూరమ్మ అనే పెద్దావిడ చెప్పగా తెలిసినవి. గున్నమ్మ చివరగా దాటించింది ఆమెనే. బరువుకు గున్నమ్మ భుజాలు వణుకుతూ ఉంటే, నన్ను వదిలేసి నువ్వు ఎక్కెయ్యి అని సూరమ్మ అన్నదట.

"మా మావ తాళం కోసరమే ఎల్లాడప్పా. ఒచ్చెత్తాడు. ముందు నువ్వెక్కు" అని గున్నమ్మ బదులు చెప్పింది.

తరువాత వచ్చిన అల పైనున్న పచ్చిక దాకా ఎక్కలేదు గాని గేటును ముంచేసింది.

నీరు తీశాక దానయ్య దిబ్బ ఎక్కాడు. లోపల పచ్చిక మీద పేట పిల్లలంతా ఒకరినొకరు కరుచుకుని కూర్చుని ఉన్నారు. బయట గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని గున్నమ్మ ఉంది. ఆమె వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. దానయ్య తాళంచెవిని తాళంలో పెట్టి తిప్పాడు. అది ఎప్పటిలాగే తేలిగ్గా వచ్చేసింది. గేటు తెరుచుకుంది.

పేటలో ఎవరూ దానయ్యను ఒక్క మాట అనలేదు. బిడ్డలు దక్కిన తల్లులు అతని ఇంటికి అన్నం తెచ్చి పెట్టేవారు. ఎవరైనా తిడితే బాగుండునని అతనికి అనిపించేది. తాను కార్యాలయంలో నోరు విప్పలేకపోయిన సంగతి అతను ఒక్క సూరమ్మకు చెప్పుకున్నాడు. ఆవిడ చాలాసేపు అతని చేయి పట్టుకుని కూర్చున్నది గాని, పరవాలేదు అని మాత్రం అనలేదు.

కొంతకాలానికి పార్కును బాగుచేశారు. గోడ మరింత ఎత్తు పెంచారు. కొత్త గేటు, కొత్త తాళం వచ్చాయి. జాలిపడి దానయ్యకు పాత కొలువే ఇచ్చారు. రోజూ సాయంత్రం తాళం వేశాక అతను గేటు బయట కూలబడి పోయేవాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం సరుగుడు నీడలో కునుకు పట్టగా గున్నమ్మ కలలో కనిపించింది. తడిబట్టలతో గేటు బయట నిలబడి ఉంది. ముఖంలో కోపం లేదు.

"మావా, తలుపు తియ్యి. పిల్లగుంటలున్నారు" అన్నది.

తీస్తాను, నువ్వు లోపలికి రా అని అతను బతిమాలాడు. ఆమె వెనక్కి తిరిగి పేట వైపు చూసింది. "ఇంకా ఎనకాల ఒత్తన్నారు. అందరూ ఎల్లినాక ఒత్తాను" అన్నది. అతనికి మెలకువ వచ్చింది.

ఆ సాయంత్రం దానయ్య తాళం వేయలేదు. మర్నాడూ వేయలేదు. మందలించారు, వినలేదు. వేరొకరి చేత తాళం వేయిస్తే తెల్లవారేసరికి అది తెరిచి ఉండేది. అది దానయ్య పనే అని కొందరు, అమ్మవారి మహిమ అని కొందరు అంటారు. సన్నిధి పెద్దలు ఈ రెండు మాటల్లో దేన్నీ కాదనరు. చివరకు దానయ్యను కొలువు నుంచి తొలగించారు. అతను ఖాకీ చొక్కా మడిచి ఇచ్చేసి, మళ్ళీ వచ్చి గేటు బయటే కూర్చున్నాడు. సూరమ్మ పేట ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పసుపు, కుంకుమ తెచ్చింది. గున్నమ్మ ఒరిగిన వైపు స్తంభానికి నీళ్ళు పోసి, పసుపు రాసి, ఆమె చీరనే చుట్టబెట్టారు. తాళం వేసే వేళకు అందరూ వాకిట్లో అడ్డంగా కూర్చున్నారు. కేకలు లేవు, నినాదాలు లేవు. సాయంత్రపు నడకకు వచ్చిన నగరవాసులు కొందరు సంగతి తెలుసుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నారు.

కబురు తెలిసి వామనమూర్తి గారు వచ్చారు. చీర కట్టిన స్తంభాన్ని చూశారు. దానయ్య లేచి నిలబడ్డాడు. ఆయన అతన్ని పక్కకు తీసుకువెళ్ళి, ఆ రోజు కార్యాలయానికి వచ్చినప్పుడు పేట సంగతి నాతో ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగారు.

"నోరు రాలేదు బాబూ. నా తప్పే" అన్నాడు దానయ్య.

ఆయన సముద్రం వైపు తిరిగారు. "నేను నిన్ను చూశాను దానయ్యా. ఏదో చెప్పబోతున్నావని తెలిసింది. అడగలేదు" అన్నారు.

మర్నాడు ఆయనే పనివాళ్ళను తెచ్చి గేటు రెక్కలు రెండూ ఊడదీయించారు. గోడ మీది గాజుపెంకులు కొట్టించివేశారు. పేట కుర్రవాళ్ళు ఆ ఇనుప రెక్కలను పడవలో వేసుకుని లోతు నీటిలో విడిచివచ్చారు. పై అధికారులు ఆయనను మందలించారని, కొంతకాలానికి వేరే ఊరికి బదిలీ చేశారని చెబుతారు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళు ఏటేటా కార్తీకంలో ఒంటరిగా వచ్చి, వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళేవారు.

దానయ్య వాకిలి ఊడ్చి, స్తంభం దగ్గర దీపం పెడుతూ శేషజీవితం గడిపాడు. ఎంతమంది పిలిచినా రెండు స్తంభాలూ దాటి లోపలికి మాత్రం పోలేదు. ఎందుకని అడిగితే, దానిని పిలిచాను, రాలేదు, నేనొక్కణ్ణీ ఎలా వెళ్తాను అనేవాడు. అతను కన్నుమూసిన నాడు పేటవారు పాడెను నేరుగా శ్మశానానికి తీసుకుపోలేదు. దిబ్బ ఎక్కి, స్తంభాల మధ్య నుంచి లోపలికి తెచ్చి, పచ్చిక మీద దించారు. ఉయ్యాలలు ఊగుతున్న పిల్లలు ఆపి చూశారు. అప్పటికి ముదుసలి అయిన సూరమ్మ అమ్మవారి స్తంభానికి చుట్టిన చీర విప్పి తెచ్చి, అతని మీద కప్పింది.

నాటి నుంచి ఇక్కడ కొన్ని ఆచారాలు నిలిచాయి. నూకరాజుపేటలో పుట్టిన ప్రతి బిడ్డనూ తొలి కార్తీకంలో ఇక్కడికి తెస్తారు. తల్లి బయట నిలబడి బిడ్డను ఎత్తి ఇస్తుంది, లోపల ఉన్నవారు అందుకుంటారు. ఆ తరువాతే తల్లి లోపలికి వస్తుంది. నగరంలోని ఇతర పేటలవారు, చివరకు బహుళ అంతస్తుల మేడల్లో ఉండేవారు కూడా ఇప్పుడు తమ బిడ్డలను తెస్తున్నారు. అమ్మవారికి చలివిడి, పానకం నైవేద్యం. ప్రతి ఏటా కొత్త చీర చుడతారు. తాళం, గొలుసు, గడియ వంటివేవీ పట్టుకుని ఈ వాకిలి దాటరాదు. ఇక్కడ ఎవరినీ టికెట్టు అడగరు, ఎవరినీ వేళ మించిందని పంపివేయరు.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున పేట కుర్రవాళ్ళు ఇద్దరు ముందుగా వచ్చి స్తంభాల దగ్గర లాంతర్లు పట్టుకుని నిలబడతారు. ఆఖరి మనిషి ఎక్కేదాకా వారు లోపలికి పోరు. వేటకు వెళ్ళి రానివారి కోసం, ఇల్లు విడిచి తిరిగిరానివారి కోసం ఎదురుచూసేవారు ఈ తల్లికి మొక్కుకుంటారు. అందరి ఎదురుచూపులూ ఫలించాయని ఈ సన్నిధివారు చెప్పలేరు. అయితే మొక్కుకున్నవారు ఆ రాత్రి కాస్త నిద్రపోగలిగామని అంటారు. పిల్లలు పచ్చిక మీద ఆడుకుంటూ ఉండగా తెరుపులమ్మ తల్లి వాకిట నిలిచి, ఇంకా వెనకాల వస్తున్న వారి కోసం చూస్తూ ఉందని నమ్మి, దర్శించుకున్నవారికి ఏ ఇంటి తలుపూ మూసుకుపోకుండు గాక.