వెయ్యిన్నొకటో మనిషి

అనగా అనగా, చాలా కాలం కిందట, వజ్రగిరి కోటను దండసేనుడనే రాజు ఏలేవాడు. అతడు పొరుగున ఉన్న ఏటిపురాన్ని గెలిచి, అక్కడి జనాన్ని చెరపట్టి తెచ్చాడు. వారు మొత్తం వెయ్యిన్నొక్క మంది.

వారిని విడిచిపెట్టమని రాణి బతిమాలింది. ఆ సంఖ్య సమాన భాగాలుగా తెగదని నమ్మిన రాజు ఒక షరతు పెట్టాడు. పొద్దుగూకేలోగా వారంతా సమానమైన వరుసల్లో నిలబడాలి. ఒకే వరుసగా నిలబడితే చెల్లదు, వరుసకు ఒక్కరు నిలబడినా చెల్లదు. వరుసల్లో ఉన్నవారు ఇంటికి పోవచ్చు. మిగిలినవారు బతికినన్నాళ్లూ బానిసలు. గడువు దాటితే అందరూ బానిసలే.

ఏటిపురానికి పెద్ద కామసాని అనే ముసలమ్మ. ఆమె తనతో సహా అందరినీ ఇద్దరిద్దరుగా నిలబెట్టింది. చివరికి బొల్లన ఒంటరిగా మిగిలాడు. నోటి దురుసు మనిషి, ఊళ్లో అతనితో తగువు పడని గడప లేదు. అతని పక్కన నిలబడటానికి ఎవరూ రాలేదు.

"ఒక్కడే కదమ్మా. వెయ్యి మందిమి ఇల్లు చేరతాం," అన్నారు జనం.

కామసానికి కూడా ఒక్క క్షణం అది సబబుగానే తోచింది. అప్పుడు బొల్లన వైపు చూసింది. ఎప్పుడూ ఊరుకోని మనిషి, ఆ వేళ నోరు మెదపకుండా నేల చూపులు చూస్తున్నాడు.

"మనతో వచ్చినవాడు మనతోనే పోతాడు. మళ్లీ నిలబడదాం," అంది.

ముగ్గురేసి నిలబడ్డారు. ఇద్దరు మిగిలారు. ఐదుగురేసి నిలబడ్డారు. మళ్లీ బొల్లనే మిగిలాడు. పొద్దు కోటగోడ మీదికి వాలింది. జనం గొణగసాగారు. నాలుగో ఆరో చూద్దామన్నారు కొందరు. జంటల్లో ఇమడని వారు వాటిలోనూ ఇమడరని కామసాని నచ్చజెప్పింది. ఏడుగురేసి నిలబడమంది.

వరుసలు సాగాయి. ఆఖరి వరుసలో ఆరుగురు నిలిచారు, ఒక్క చోటు ఖాళీగా ఉంది. బొల్లన మెల్లగా వచ్చి ఆ చోట నిలబడ్డాడు. ఎవరూ మిగల్లేదు.

రాజు కోటగోడ మీంచి దిగివచ్చి, ఇది అదృష్టం కొద్దీ కుదిరిందన్నాడు. మరోలా నిలబడి చూపమన్నాడు. నూట నలభై మూడు వరుసలూ అప్పటికే కామసాని కళ్లముందున్నాయి. పదకొండేసి వరుసలను కలిపితే పదమూడు గుంపులవుతాయని ఆమె లెక్కగట్టింది. ఒక్కో గుంపులో వరుసకొకరిని తీసి పదకొండుమందేసి నిలబెట్టింది. సరిపోయింది. తర్వాత గుంపుకొకరిని తీసి పదమూడుమందేసి నిలబెట్టింది. అదీ సరిపోయింది.

రాజు ఆ వరుసల్ని తానే లెక్కపెట్టి చూశాడు. చివరికి కోట తలుపులు తెరిపించాడు.

దారిలో బొల్లన ముందువాళ్లు నెమ్మదిగా నడుస్తున్నారని సణుగుతూనే ఉన్నాడు. కామసాని నవ్వి, అతని భుజం ఆసరాగా పట్టుకుని ఏరు దాటింది.

పిల్లలూ, ఒకరిని వదిలేద్దామనుకునే ముందు, అందరం కలిసి నిలబడే మరో తీరు ఉందేమో ఓపికగా వెదకాలి.