కలవని తాళాల జత

గవరయ్యకి చేతులు పడిపోతున్నాయి. పొద్దుటి నుంచి ఆకురాయి పట్టుకుని ఒకటే రాపిడి. తనంతట తాను కంచు పోసి చేసిన మొదటి భజన తాళాల జత అది. రెండూ ఒకే శ్రుతిలో పలికేదాకా అంచులు అరగదీయాలి.

మోగించి చూపించాడు. గురువు సన్యాసాచారి తల అడ్డంగా ఊపాడు.

"కలవలేదురా. ఇంకాస్త అరగదీయి."

గవరయ్య చెవికి ఎప్పుడో కలిశాయి. అయినా గురువు మాట కాదనగలడా? అరగదీశాడు. కలిసినవి కాస్తా విడిపోయాయి. రెండోదాన్నీ అరగదీసి మళ్లీ కలిపాడు. మళ్లీ అదే మాట. ఓరి దేవుడా, ఇలాగైతే తాళాలు అప్పడాలైపోవూ! ఇంకొక్కసారి రాస్తే ఇక కరిగించుకోవడమే.

ఈలోగా తాళాలు చేయమన్న చెవి డాక్టరమ్మ వచ్చింది. పక్క కంచరి పాకల్లో సుత్తి దెబ్బలకి చెవులు మూసుకుంది.

"ఈ మోతలో ఎలా ఉంటున్నారండీ! చెవి లోపల నత్తగుల్లలాంటి చుట్ట ఉంటుంది. దాన్నిండా నీళ్లు. ఆ నీళ్లలో కంటికి ఆనని కేశాలు వరసలు వరసలుగా ఉంటాయి. చప్పుడొస్తే నీళ్లు కదిలి అవి వంగుతాయి. వంగితేనే మనకి వినిపించేది. ఈ తాళాల్లాంటి సన్నటి మోతలు పట్టేవి ఆ చుట్ట గుమ్మం దగ్గరే ఉంటాయి. సుత్తి మోతకి ముందు పోయేవి అవే."

"పోతే?" అన్నాడు సన్యాసాచారి.

"మళ్లీ మొలవవు."

సాయంత్రం వస్తానని ఆవిడ వెళ్లిపోయింది. గవరయ్యకి ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ చాకిరీ అంతా గురువు చెవి మందగించినందుకా? అడిగేద్దామని నోరు తెరిచాడు. ముసలాయన మొహం చూసి ఆకురాయి కింద పెట్టేశాడు.

సన్యాసాచారి తాళాలు అందుకుని చెవి దగ్గర మోగించాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ మోగించాడు. తర్వాత వాటిని శిష్యుడి చేతిలో పెట్టాడు.

"కలిశాయా?"

గురువు తనని అడగడం అదే మొదటిసారి.

"కలిశాయండి," అన్నాడు గవరయ్య.

ముసలాయన భుజం మీది తువ్వాలు అంచు చింపి రెండు ఉండలు చుట్టాడు.

"సుత్తి పట్టే ముందు ఇవి పెట్టుకోరా. ఈ పాకకి ఇక నీ చెవులే దిక్కు."