శాలువాలో అతుకైన పాలవెల్లి

మీ పలక లాక్కుని, "ఇక నీదీ నాదీ ఒకటే" అన్నవాణ్ణి మీరేమంటారు? స్నేహితుడంటారా?

వెనకటికి పాలవెల్లి అనే చిన్న రాజ్యాన్ని ధవళసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. చిన్నది నీలవేణి. ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. అన్నం తిన్న అతిథి ఏది కోరినా "అలాగే" అనాలి, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడొచ్చి, మూడుసార్లు మారు వడ్డించుకు తిని, బ్రేవున త్రేన్చి, "రాజా, మీ రాజ్యాన్ని నాలో విలీనం చేసుకుంటాను" అన్నాడు. రాజు ఆ మాట ఎన్నడూ వినలేదు. అర్థం అడిగితే అమర్యాద.

"అలాగే బాబూ" అన్నాడు.

అంతే! కొండలు, చేలు, రాజు, అక్కలిద్దరు, అందరూ దారాలైపోయి మాంత్రికుడి శాలువాలో ఒక అతుకయ్యారు. పక్కన అలాంటి అతుకులు ఎన్నో! పొలిమేర అవతల పూలు కోస్తున్న నీలవేణి ఒక్కతే మిగిలింది.

ఏడ్చింది. ఏడుస్తూనే బయల్దేరింది. ఒడ్డున పడి గిలగిలలాడుతున్న చేపను నీళ్ళలో వదిలితే అది చెప్పింది: "మాంత్రికుడు మీ రాజ్యాన్ని తనలో విలీనం చేసుకున్నాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. నా వీపెక్కు తల్లీ. జారిపడితే మాత్రం నన్ననకు!"

చేప సముద్రాలు దాటించింది. కొంగ కొండెక్కించింది. చీమ పంజరం తాళంలో దూరి తలుపు తీసింది.

"విలీనమంటే కలిసిపోవడమేనా చిలకా?"

"కలవాలంటే ఇద్దరుండాలే పిచ్చిదానా! విలీనమయ్యాక ఒక్కడే ఉంటాడు. నా అడవి కూడా వాడి శాలువాలో పచ్చదారమైంది. ఇక ఆలోచించకు, నా మెడ నులుము."

నీలవేణి కళ్ళు మూసుకుని నులిమింది.

మాంత్రికుడు కూలాడు. శాలువా పోగు పోగూ విడిపోయింది. కొండలు లేచాయి, చేలు లేచాయి, మనుషులు లేచారు. నీలవేణి తిరిగొచ్చి తండ్రిని కావలించుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడాయన.

"నేను నాన్నా, నీలవేణిని! ఇది మన పాలవెల్లి!"

"పాలవెల్లా? అదెక్కడుంది? మాది కరాళులవారి దేశం కదమ్మా."

అక్కలిద్దరూ అవునన్నట్టు తలలూపారు.

నీలవేణి మంచి రాకుమారుణ్ణి పెళ్ళాడింది. చాలాకాలం రాజ్యమేలింది. రోజూ తండ్రికి అన్నం పెడుతూ ఊళ్ళ పేర్లూ వాగుల పేర్లూ ఒక్కొక్కటే చెప్పేది. ఆయన మర్యాదగా అంతా విని, "ఇంతకీ ఏ ఊరమ్మా మీది?" అనేవాడు. పోయేదాకా ఆమెను కూతురా అని పిలవలేదు.

పిల్లలూ, రేపు బడిలో ఫలానా రాజ్యం ఫలానా రాజ్యంలో విలీనమైందని చదువుతారు. చదివి ఊరుకోకండి. లేచి నిలబడి, "అక్కడివాళ్ళను అడిగారా?" అని అడగండి. జవాబొచ్చేదాకా కూర్చోకండి.