గంగులు కుంటిన దారి

"కాసులూ! ఓలె కాసులూ! ఆగవే, నా కాలు రాదే!"

ఈ కేకతోనే మొదలవుతుంది కథ. ఎప్పటిదంటే, సముద్రం ఇప్పటికన్నా ఒక కేక దూరం అవతల పడుకునే కాలం నాటిది. చందమామ దిగివచ్చి తడి ఇసుకలో మొహం చూసుకునే కాలం నాటిది.

కేక వేసినవాడు గంగులు. కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుని బతికేవాడు. ముందు నడుస్తున్నది వాడి మేనమామ కూతురు కాసులు. ఎండుచేపలు అమ్మేది. ఇద్దరూ సంతకు పోయేది ఒకే దారిన, వచ్చేది ఒకే దారిన. అటు నీళ్లు, ఇటు మొగలిపొదలు, మధ్యన అల తడిపి గట్టిచేసిన ఇసుక. అడుగు దిగబడని దారి, అరికాలు మండని దారి, ఎంత నడిచినా అలుపు రాని దారి.

పచ్చిచేపల గంపలవాళ్లు ఆ దారినే పరుగెత్తేవాళ్లు. పచ్చిచేప ఎండకు ఆగదు కదా! ఎండుచేపకేం తొందర? కాసులు నింపాదిగా నడిచేది. వెనకే గంగులు కుంటుకుంటూ వచ్చేవాడు.

"నత్త ముందు, తాబేలు వెనక! మీరెళ్లేసరికి వచ్చేవారం సంత అవుతుందర్రా!" అని నవ్వుతూ దాటిపోయేవాళ్లు ఆ ఆడవాళ్లు.

"మీ చేపలు మిమ్మల్ని తరుముతున్నాయి. నా చేపలు నిద్దరోతున్నాయి!" అనేది కాసులు.

గంగులు కాలికి ఒకప్పుడు టేకుచేప ముల్లు దిగిన మాట నిజం. అప్పుడు కుంటిన మాటా నిజం. ఆ ముల్లు ఊడి, పుండు మాని, ఎన్ని పున్నములు వెళ్లిపోయాయో! అయినా కుంటేవాడు. ఇంట్లో గెంతేవాడు, తోపులో పరుగెత్తేవాడు, కాసులు కనబడితే మాత్రం కుంటేవాడు.

ఒక సంతనాడు తిరిగొస్తుంటే కాసులు అంది:

"బావా, వచ్చే సంతనుంచి నీతో రాను. పచ్చిచేపల గంప ఎత్తమంది అమ్మ. అందరితో పాటు పరుగెత్తమంది."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? కాళ్లున్నదాన్ని, పరుగెత్తననగలనా?"

గంగులు లోలోపలే లెక్క వేసుకున్నాడు. చెబితే మోసగాడంటుంది. చెప్పకపోతే వచ్చే సంతకు ఈ దారిన తనొక్కడే.

మొగలిపొద దగ్గర చెబుదామనుకున్నాడు. మాట గొంతుదాకా వచ్చింది, అలలా వెనక్కి పోయింది. గెడ్డ నీళ్లు దాటుతూ చెబుదామనుకున్నాడు. గొంతుదాకా వచ్చింది, అలలా వెనక్కి పోయింది. ఎర్రదిబ్బ కనబడింది. దిబ్బ దాటితే ఊరే. మాట మళ్లీ గొంతుదాకా వచ్చింది.

వాణ్ణి అక్కడే కాసేపు నిలబెడదాం. ఎక్కడికీ పోడు.

గంగులు నిండుగా బతికి, మనవల చేతుల్లో పోయాడు. గుడి కట్టలేదెవరూ, రాయి నాటలేదెవరూ. కానీ ఆ ఒడ్డున ఈనాటికీ కొత్తజంట పొద్దువాలే వేళ ఆ దారిన నడవాలి. పెళ్లికొడుకు కుంటాలి. "గంగులు బావా, కాలెలా ఉంది?" అని పిల్లలు వెంటపడతారు. పనిలో కంగారుపడేవాళ్లతో, "గంగులు కాలు అరువు తెచ్చుకో" అంటారు పెద్దవాళ్లు. అంతటికీ కారణం, ఆ సాయంత్రం ఎర్రదిబ్బ ముందు గంగులు కుంటడం మానేయడమే.

చక్కగా నడిచొచ్చి కాసులు ఎదుట నిలబడ్డాడు.

"కాలు ఎప్పుడో నయమైంది కాసులూ."

కాసులు గంప దించింది. వాడి కాలు చూసింది. మొహం చూసింది. మళ్లీ కాలు చూసింది.

"దొంగ సచ్చినోడా! మరి ఇన్నాళ్లూ ఎందుకు కుంటినావు?"

అల హోరులోనూ వినబడేలా, గుండెల నిండా గాలి పీల్చుకుని చెప్పాడు గంగులు.

"గబగబా నడిస్తే ఊరొచ్చేస్తది కాసులూ."